ఎంపిక, అమరిక: 1940 నాటి రెండు వాహన నిర్ణయాలు – విపత్తు సన్నద్ధతకు వాటి వారసత్వం

వ్యాససంగ్రహం:
దారిలేని చోట నడిచే వాహనాల చరిత్ర సాధారణంగా జీపుతో మొదలై ఫోర్ వీల్ డ్రైవ్ వికాసంగా సాగుతుంది. 1940 వేసవిలో దాదాపు ఒకే సమయంలో, పరస్పరం తెలియకుండా జరిగిన రెండు వాహన నిర్ణయాలను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. ఒకటి అమెరికా సైన్యం జీపును రూపొందింపజేయడం. రెండవది కైరోలో రాల్ఫ్ బాగ్నోల్డ్ ఎడారి గస్తీ దళానికి సాధారణ షెవ్రొలే ట్రక్కులను ఎన్నుకోవడం. మొదటిది యంత్రాన్ని ప్రధానంగా చూసింది. రెండవది యంత్రంపై చేసిన అమరికను ప్రధానంగా చూసింది. స్వతంత్ర భారతదేశానికి వారసత్వంగా అందినది మొదటి దృష్టి. దాని పర్యవసానాలను విపత్తు సన్నద్ధత కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జీపు, ఎడారి గస్తీ దళం, ఫోర్ వీల్ డ్రైవ్, విపత్తు సన్నద్ధత, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రచనలో ఆవిష్కరణకు దక్కినంత చోటు వాడుకకు దక్కలేదని డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథంలో వాదించాడు. వాహనాల విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది. ఏ ఇంజను ఎప్పుడు పుట్టిందో చెప్పే రచనలు అనేకం. ఆ వాహనంలో నీళ్లు ఎక్కడ పెట్టారు, ఇసుకలో దిగబడితే దేనితో లేపారు, దారి ఎలా తెలుసుకున్నారు అన్న ప్రశ్నలు మాత్రం అనుబంధాలకే పరిమితమయ్యాయి. ఆపద వేళ ప్రాణాలు నిలిచేదీ పోయేదీ చాలాసార్లు ఈ రెండవ రకం ప్రశ్నల వద్దనే.

ఈ వ్యాసంలో ‘ఎంపిక’ అంటే వాహనాన్ని ఎన్నుకోవడం. ‘అమరిక’ అంటే ఎన్నుకున్న వాహనాన్ని పనికి తగినట్లు సరంజామాతో సిద్ధం చేయడం. ఈ రెండింటి మధ్య ఉండవలసిన సంబంధమే ఇక్కడి చర్చనీయాంశం.

2. జీపు: కొలతల నుంచి పుట్టిన వాహనం

1940 జూన్ నాటికి ఫ్రాన్సు పతనమైంది. యాంత్రిక యుద్ధానికి తాము సిద్ధంగా లేమని గ్రహించిన అమెరికా సైన్యం జూలై 11న 135 తయారీ సంస్థలకు ఒక తేలికపాటి పరిశీలక వాహనపు నిర్దేశాలను పంపింది. నాలుగు చక్రాలకూ చోదకశక్తి అందాలి. ముందు అద్దం మడవడానికి వీలుండాలి. ఖాళీ వాహనం 1,300 పౌండ్లకు, అంటే సుమారు 590 కిలోలకు మించరాదు. తొలి నమూనాను 49 రోజులలో అందించాలి. స్పందించినవి అమెరికన్ బాంటమ్, విల్లీస్-ఓవర్‌ల్యాండ్ అనే రెండు చిన్న సంస్థలు మాత్రమే. బాంటమ్ తరఫున కార్ల్ ప్రోబ్‌స్ట్ రూపొందించిన నమూనా గడువులోగా సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్‌కు చేరింది.

నిర్దేశించిన బరువులో అటువంటి వాహనం సాధ్యపడలేదు. సైన్యం బరువు పరిమితిని సడలించక తప్పలేదు. చివరకు బలమైన ఇంజను గల విల్లీస్ నమూనాకు ప్రధాన ఒప్పందం దక్కింది. అదే నమూనాను ఫోర్డ్ కూడా తయారు చేసింది. యుద్ధకాలంలో ఆ రెండు సంస్థల నుంచి వెలువడిన జీపులు సుమారు 6 లక్షల 40 వేలు.

జీపు గొప్పతనం దాని ఏకరూపతలో ఉంది. ఒక బండి విడిభాగం మరొక బండికి సరిపోతుంది. ఒకచోట శిక్షణ పొందిన మెకానిక్కు ఎక్కడైనా దానిని బాగుచేయగలడు. పరిమితి కూడా అక్కడే ఉంది. పక్కన బిగించిన పార, గొడ్డలి, సుమారు 57 లీటర్ల ఇంధనపు ట్యాంకు, నలుగురు మనుషుల చోటు – ఇంతకు మించి అది తనతో మోసుకుపోగలిగినది స్వల్పం. దాని వెనుక ఇంధనం, ఆహారం, మరమ్మతు సామగ్రి మోసుకువచ్చే పెద్ద సరఫరా వ్యవస్థ ఉంటుందన్న నమ్మకంతోనే దానిని రూపొందించారు. జీపు ఒంటరిగా బతకడానికి పుట్టిన వాహనం కాదు.

3. కైరో: అనుభవం నుంచి పుట్టిన అమరిక

1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఈజిప్టుకు లిబియా వైపు నుంచి ముప్పు ఏర్పడింది. బ్రిటిష్ సైన్యపు సిగ్నల్స్ విభాగానికి చెందిన రాల్ఫ్ బాగ్నోల్డ్ 1920ల చివరి నుంచి మిత్రులతో కలిసి ఫోర్డ్ కార్లలో లిబియా ఎడారిని అన్వేషించిన వ్యక్తి. ఇసుక మీద గాలి ప్రభావాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేసి 1941లో గ్రంథం ప్రచురించినవాడు కూడా ఆయనే. ఎడారి లోపలికి చొచ్చుకుపోయే దళాన్ని ఏర్పాటు చేయాలన్న ఆయన ప్రతిపాదనను సేనాధిపతి వేవెల్ అంగీకరించి సుమారు ఆరు వారాల గడువు ఇచ్చాడు. ఆ దళమే తరువాత ‘లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్’ అయింది.

కొత్త వాహనం తయారు చేయించే వ్యవధి బాగ్నోల్డ్‌కు లేదు. విక్రేతల వద్ద, ఈజిప్టు సైన్యం వద్ద ఉన్న షెవ్రొలే ట్రక్కులను ఆయన సేకరించాడు. అవి ఒకటిన్నర టన్నుల తరగతికి చెందిన మామూలు సరుకుల బండ్లు. వాటికి వెనుక చక్రాలకు మాత్రమే చోదకశక్తి అందుతుంది. ఇది గత్యంతరం లేక చేసిన ఎంపికగా తోచవచ్చు. కానీ తరువాతి పరిణామం మరొకటి సూచిస్తుంది. 1941లో ఆ దళానికి ఫోర్ వీల్ డ్రైవ్ గల ఫోర్డ్ ట్రక్కులు వచ్చాయి. అవి బరువైనవి, ఇంధనాన్ని ఎక్కువగా తాగేవి. 1942లో వాటి స్థానంలో కెనడాలో తయారైన షెవ్రొలేలు వచ్చాయి. అవి మళ్లీ వెనుక చక్రాల చోదనం గలవే.

ఈ మార్పు వెనుక ఒక గణితం ఉంది. వందల మైళ్ల దూరం తిరిగివచ్చే ప్రయాణంలో మధ్యలో ఇంధనం దొరకదు. ఎక్కువ ఇంధనం తాగే బండి ఎక్కువ ఇంధనం మోయాలి. ఆ బరువుకు మరింత ఇంధనం కావాలి. ఆ మేరకు నీటికి, ఆహారానికి చోటు తగ్గుతుంది. నాలుగు చక్రాల చోదనం ఇసుక నుంచి బయటపడటానికి ఉపకరించేదే. అయితే ఆ పనిని తక్కువ బరువుతో నెరవేర్చే ఉపాయాలు బాగ్నోల్డ్ బృందం వద్ద అంతకుముందే ఉన్నాయి.

ఆ ఉపాయాలే అమరిక. తలుపులు, పైకప్పు, ముందు అద్దం తొలగించి బరువు తగ్గించారు. అదనపు భారం మోయడానికి కమాను పట్టీలను బలపరచారు. వెడల్పాటి టైర్లలో గాలి తగ్గించి ఇసుకపై నడిపారు. బండి దిగబడితే చక్రాల ముందు పరచడానికి ఉక్కు రేకుల కాలువలను మోసుకుపోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకపు గదుల కప్పుల కోసం తయారైన అటువంటి రేకులను బాగ్నోల్డ్ తన తొలి యాత్రల కాలంలో కైరోలోని పాత సామాన్ల దుకాణంలో కనుగొన్నాడు.

నీటి విషయంలో చేసిన ఏర్పాటు ఇంకా గమనార్హం. రేడియేటరులో నీరు మరిగి ఆవిరిగా పోకుండా, ఆ ఆవిరిని గొట్టం ద్వారా సగం నీళ్లున్న ఒక డబ్బాలోకి పంపారు. ఆవిరి అక్కడ చల్లబడి నీరవుతుంది. ఇంజను చల్లారగానే రేడియేటరులో ఏర్పడే శూన్యత ఆ నీటిని తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఇంజనుకు పోయవలసిన నీరు ఆ విధంగా మనుషుల దాహానికి మిగిలింది.

దిక్కు తెలుసుకోవడానికి అయస్కాంత దిక్సూచి బండిలో పనికిరాదు. బండిలోని ఇనుము సూచిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రతిసారీ దిగి దూరంగా నడిచి చూడవలసి వస్తుంది. బాగ్నోల్డ్ రూపొందించిన సూర్య దిక్సూచి నీడ ఆధారంగా పనిచేస్తుంది కనుక నడుస్తున్న బండిలోనే దిశ తెలిసేది. రాత్రి థియోడొలైట్‌తో నక్షత్రాలను చూసి తామున్న చోటును నిర్ధారించుకునేవారు. వైర్‌లెస్ సెట్టు ప్రతి గస్తీ దళంతోనూ ఉండేది.

లోపాలు లేవని కాదు. బ్రిటిష్ సైన్యపు పలుచని పెట్రోలు డబ్బాలు కుదుపులకు పగిలి కారిపోయేవి. జర్మన్ల దృఢమైన 20 లీటర్ల జెర్రీ క్యాన్ అందరికీ ఆదర్శమైంది. మోసే పాత్ర కూడా ఎంపికలో భాగమని ఈ అనుభవం తెలియజేస్తుంది.

1942లో జీపులు ఈ దళంలోకీ ప్రవేశించాయి. ముందు వెళ్లి దారి చూడటంలో అవి సాటిలేనివి. దూర ప్రయాణానికి కావలసిన ఇంధనం, నీరు మాత్రం వెనుక వచ్చే ట్రక్కులే మోశాయి. రెండు దృష్టులూ ఒకదానికొకటి పూరకమని ఆచరణ నిరూపించింది. భారత సైన్యపు అశ్విక దళాల నుంచి ఏర్పడిన ‘ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్’ కూడా ఆ ఏడాదే ఈ దళంతో కలిసి పనిచేసింది. కనుక ఈ అనుభవం భారతీయులకు పూర్తిగా పరాయిది కాదు.

4. భారతదేశంలో జీపు

స్వతంత్ర భారతదేశానికి అందినది జీపు. 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పు చేపట్టింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో జీపు బ్లాకు అభివృద్ధి అధికారి వాహనమైంది. తెలుగు గ్రామాలలో ‘జీపు వచ్చింది’ అనే మాటకు చాలాకాలం ‘ప్రభుత్వం వచ్చింది’ అనే అర్థం ఉండేది. ఇక్కడ వాహనం ప్రధానంగా పర్యవేక్షణ సాధనం. అధికారి ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగివస్తాడు. నీరు, ఇంధనం, దిక్కు అనే ప్రశ్నలు అటువంటి ప్రయాణంలో తలెత్తవు.

సైన్యం అవసరాలు వేరు. 1962 యుద్ధానంతర దశాబ్దంలో నిస్సాన్ పెట్రోల్ ఆధారంగా జబల్‌పూర్‌లో తయారైన జోంగా, ఆ తరువాత 1985లో విపణిలోకి వచ్చిన మారుతి జిప్సీ సైన్యంలో స్థిరపడ్డాయి. జిప్సీ బలం దాని తేలికదనం. 1940 నాటి నిర్దేశాలలోని బరువు పట్టింపు నాలుగున్నర దశాబ్దాల తరువాత కూడా విలువ కోల్పోలేదని ఇది చూపుతుంది.

పౌర పరిపాలనకు అసలైన పరీక్ష 1977 నవంబరు 19న ఎదురైంది. దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది మరణించారు. రోడ్లు కొట్టుకుపోయి, చెట్లు అడ్డంగా పడి, నీరు నిలిచిన నేలపై ఏ జీపుకైనా పరిమితి స్పష్టం. పెట్రోలు ఇంజను జ్వలన వ్యవస్థ తడిస్తే ఆగిపోతుంది. డీజిలు ఇంజనుకు ఆ బెడద లేకున్నా గాలి పీల్చే ద్వారం నీటిలో మునిగితే అదీ ఆగుతుంది. డెల్టా భూమిలో కావలసినవి గాలి గొట్టాన్ని ఎత్తున అమర్చుకున్న బండి, చెట్లు కోసే రంపం, లాగే తాడు, వైర్‌లెస్, తాగునీరు, చివరగా పడవ. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం గాలి నింపే పడవలను, కోత యంత్రాలను తనతో మోసుకువెళ్లడం అమరిక దృష్టికి దక్కిన ఆలస్యపు గుర్తింపు.

5. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు:

1. ఉత్తమ వాహనం అనేది నిరపేక్షమైన భావన కాదు. దూరం, నేల స్వభావం, సరఫరా అనే మూడింటిని బట్టి అది మారుతుంది.
2. ఫోర్ వీల్ డ్రైవ్ ఒక సదుపాయం. దాని మూల్యాన్ని ఇంధనంలోనూ బరువులోనూ లెక్కించాలి.
3. అమరిక అనుభవం నుంచి పుడుతుంది. బాగ్నోల్డ్ ఆరు వారాలలో దళాన్ని సిద్ధం చేయగలగడానికి కారణం అంతకు ముందరి పదేళ్ల యాత్రలు.
4. భారతీయ పౌర పరిపాలన జీపును స్వీకరించింది గానీ, జీపు వెనుక ఉండవలసిన సరఫరా వ్యవస్థను అదే శ్రద్ధతో నిర్మించుకోలేదు.

జిల్లా కార్యాలయాల వాహన లాగ్ పుస్తకాలు, సరంజామా జాబితాలు, తుఫాను సహాయక చర్యల దస్త్రాలు ఈ చరిత్రకు ప్రాథమిక ఆకరాలు కాగలవు. ఏ బండి కొన్నారన్నది కొనుగోలు పత్రాలలో దొరుకుతుంది. ఆ బండిలో ఏమి పెట్టి పంపారన్నది ఈ దస్త్రాలలో వెతకాలి. తీరాంధ్ర తుఫానుల చరిత్రపై పనిచేసే పరిశోధకులు ఈ రెండవ ప్రశ్నను చేపట్టినప్పుడు, విపత్తులో రాజ్యం ఎంతవరకు చేరగలిగింది, ఎక్కడ ఆగిపోయింది అనే విషయం గ్రామాలవారీగా తెలిసే అవకాశం ఉంది.