గురిగల శ్రమ : పాతబస్తీ చరిత్ర మనకు నేర్పు పాఠములు



శతవార్షికోత్సవము అనగానే మన మనస్సు గతించిన వారి వైపు మళ్లుట సహజము. ఎవరు సంఘమును స్థాపించిరి, ఎవరు దేవాలయములు కట్టించిరి, ఏ అధ్యక్షులు ఏయే సంవత్సరములలో సేవ చేసిరి అని లెక్క వేసికొందుము. ఇది తగిన పనియే. అయితే ఈ వ్యాసములో మేము మరియొక ప్రశ్న అడుగదలచితిమి. ఆదివారము ఆరాధన ముగించుకొని ఇంటికి వెళ్లిన విశ్వాసి సోమవారము ఉదయము చేయు పనికి దేవుని యెదుట విలువ ఏమి? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మూసీ నదికి దక్షిణమున నున్న మన పాతబస్తీ వీధులే కొంత జవాబు చెప్పగలవు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్‌మినారు కట్టించిన నాటినుండి ఈ నగరము చేతిపనుల నగరము. రాళ్లు చెక్కువారు, సున్నము నూరువారు, గాజులు చేయువారు, ముత్యములకు బెజ్జము వేయువారు, బట్టలు నేయువారు దీనిని పోషించిరి. పని వెదకుకొనుచు వచ్చిన వారిలో క్రైస్తవులు కూడ ఉండిరి. ఉప్పుగూడ ప్రాంతములో 17వ శతాబ్దపు ఆర్మీనియనుల సమాధులు, డచ్చివారి సమాధులు ఈనాటికిని ఉన్నవి. ఆర్మీనియా లిపి చెక్కిన ఆ రాళ్లు మన నగరములో క్రైస్తవుల ఉనికికి మిక్కిలి పాత సాక్ష్యములలో చేరినవి. మిషనరీ సంఘములు తెలంగాణమునకు రాకమునుపే, రెండు వందల ఏండ్లకు పైగా ముందే, ప్రభువు నామము నెరిగిన వారు ఈ మట్టిలో నిద్రించిరి.

వారు ఎందుకు వచ్చిరి? వజ్రముల కొరకును, వస్త్రముల కొరకును వచ్చిరి. ఆ కాలమందే ఫ్రాన్సు దేశపు ప్రొటెస్టెంటు వర్తకుడైన తవెర్నియే గోల్కొండ రాజ్యమునకు పలుమార్లు వచ్చి, కృష్ణా తీరమందలి కొల్లూరు గనిలో పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ గని ప్రాంతము నేడు పులిచింతల జలాశయపు నీటి క్రింద ఉన్నది. అక్కడ దొరికిన వజ్రముల పేర్లు లోకమంతటికి తెలియును. వాటిని త్రవ్వి తీసిన అరువది వేల మందిలో ఒక్కరి పేరును మనకు తెలియదు.

డచ్చి కంపెనీవారి శ్రద్ధను గూర్చి చెప్పవలెనన్న చాల కలదు. గోల్కొండలో వారికి కార్యాలయముండెను. అందు పనిచేసిన డానియల్ హవార్ట్ అను ఉద్యోగి 1693లో కోరమాండల్ తీరమును గూర్చి పెద్ద గ్రంథము ప్రచురించెను. ప్రతి బట్ట తానును, ప్రతి వరహాను లెక్క వ్రాసిన జనము వారు. అయితే ఆ కంపెనీయే ఆ శతాబ్దములో కరువుకు చిక్కిన కోరమాండల్ ప్రజలను బానిసలుగా కొని ఓడలలో ఎక్కించి పంపెను. ఆ లెక్కలును అంతే శ్రద్ధగా వ్రాయబడెను. ఇది మనము మరువరాని పాఠము. శ్రద్ధ ఒక్కటే సద్గుణము కానేరదు. తప్పు దారిలో వేగముగా నడచు వాడు గమ్యమునకు మరింత దూరమగును. కష్టపడి పని చేయుచున్నామని చెప్పుకొనుటకు ముందు, ఆ కష్టము ఎవరికి మేలు, ఎవరికి కీడు అని అడుగవలెను.

అయినను వర్తకమే పాపమని మేము అనుట లేదు. అదే ఆర్మీనియా జాతికి చెందిన ఖోజా పెట్రస్ ఉస్కాన్ అను వర్తకుడు 1726లో మద్రాసులో అడయారు నదిపై తన ధనముతో వంతెన కట్టించెను. పరంగిమల మీదికి ఎక్కు యాత్రికులకు మెట్లు కట్టించెను. సంపాదించుటలో శ్రద్ధ ఇద్దరికిని సమానమే. భేదమంతయు గురిలో ఉన్నది.

ఇదే కాలమున పారిస్ నగరములో ఒక సన్యాసి మఠమందు మరియొక రీతి శ్రమ జరుగుచుండెను. యుద్ధములో గాయపడి కుంటివాడైన ఒక సైనికుడు కార్మెల్ మఠములో చేరి సహోదరుడు లారెన్స్ అను పేరు పొందెను. అతడు గొప్ప పండితుడు కాడు, గురువు కాడు. ఏండ్ల తరబడి వంటయింటిలో పనిచేసెను, తరువాత మఠవాసుల చెప్పులు బాగుచేయు పని చేసెను. ప్రార్థన సమయమునకును వంట సమయమునకును దేవుని సన్నిధి విషయములో భేదము లేదన్నదే అతని అనుభవము. అతడు 1691లో, అనగా చార్‌మినారు కట్టిన సరిగా నూరేండ్లకు, గతించెను. అతని మరణము తరువాత అచ్చయిన చిన్న పుస్తకము మూడు శతాబ్దములుగా క్రైస్తవ లోకమంతటను చదువబడుచున్నది. గోల్కొండ వజ్రములు చేతులు మారి, రాజ్యములు మారి, ఎక్కడెక్కడికో పోయినవి. వంటయింటి సహోదరుని మాట మాత్రము మన ఇండ్లకు వచ్చినది.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమున ఏమి బోధించుచున్నది? అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి గుడారముల పని చేసెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ పనిలో తోలు కుట్టుట కూడ చేరియుండెనని పండితులు కొందరు చెప్పుదురు. పేతురు యొప్పేలో సీమోను అను చర్మకారుని ఇంట బస చేసెను. తోలుపని, పాకీపని, మట్టిపని చేసినందుకే మన పితరులు ఊరి వెలుపల ఉంచబడిన దేశములో ఈ రెండు సంగతులు చిన్నవి కావు. ఏ చేతులను లోకము అంటరానివనెనో ఆ చేతుల ఇంట అపొస్తలుడు భోజనము చేసెను. 16వ శతాబ్దములో మార్టిన్ లూథరు, పిలుపు అనునది గురువులకును సన్యాసులకును మాత్రమే చెందినది కాదనియు, పాలు పితుకు దాసికిని, చెప్పులు కుట్టు వానికిని కూడ దేవుని పిలుపు ఉన్నదనియు బోధించినప్పుడు ఈ పాత సత్యమునే మరల వెలికి తీసెను.

ఇక మన నగర చరిత్రలోని ఒక మహా దుర్దినము తలంచుకొందము. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి పాతబస్తీని ముంచెత్తెను. వేలకొలది ప్రజలు ప్రాణములు కోల్పోయిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికిరని ఈనాటికిని చెప్పుకొందురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. దుఃఖము తీరకమునుపే పని ఆరంభమాయెను. 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించిరి. వారి ఆలోచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియాయెను. వరద వచ్చిన దినము ఒక్కటి. దానికి జవాబు కట్టుటకు దాదాపు ఇరువది ఏండ్లు పట్టెను. తట్ట మోసిన వారిలో ఎందరో ఆ జలాశయము నిండుట చూడకయే పోయియుందురు. తాను అనుభవింపని మేలు కొరకు నేడు తట్ట ఎత్తుటయే గురిగల శ్రమ.

ఇట్టి శ్రమ మన సంఘ చరిత్రలోను కలదు. వెస్లియన్ మిషను తరపున డాక్టరు ఇసబెల్ కెర్ గారు భర్తతో కూడ 1907లో నైజాము రాజ్యమునకు వచ్చిరి. 1911లో నిజామాబాదులో కుష్ఠు రోగుల సేవ ప్రారంభించిరి. రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత సహాయముతో 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి తెరువబడెను. ఆనాటి చికిత్స చాల్‌మూగ్ర జాతి నూనెను సూదిమందుగా ఇచ్చుట. అది నొప్పితో కూడినది. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి, సాగవలెను. అద్భుతమువలె ఒక్క దినములో జరుగునది కాదు. వారము వెంట వారము అదే గది, అదే సూది, అదే ఓర్పు. 1932లో ఆమె గతించువరకు ఆ పని విడువలేదు. సువార్తలలో ప్రభువు కుష్ఠు రోగిని ముట్టిన కథ మనము భక్తితో చదువుదుము. ఆ ముట్టుటను దినచర్యగా మార్చుకొనుటయే శిష్యత్వమని ఆ జీవితము మనకు చూపుచున్నది.

1914లో పోస్నెట్ దొరగారు మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదకు మహాదేవాలయమును గూర్చియు ఒక మాట. కరువు కాలమందు ఆకలిగొన్న వారికి ఊరక దానమియ్యక పని ఇచ్చి, పనికి తగిన ఆహారమిచ్చి దానిని కట్టించిరని మన పెద్దలు చెప్పుదురు. బిచ్చము పొందినవాడు తల వంచుకొని పోవును. పని చేసి తెచ్చుకొన్నవాడు తల ఎత్తుకొని ఇంటికి పోవును. ఆ గోపురము క్రింద నిలిచినప్పుడెల్ల మనము ఆ తేడాను జ్ఞాపకము చేసికొనవలెను.

మరల పాతబస్తీకి వత్తము. ఉర్దూ భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసిన హెన్రీ మార్టిన్ 1806లో భారతదేశమునకు వచ్చి, 1812లో తన 31వ ఏట తోకాట్‌లో మరణించెను. ఉన్న ఆరేండ్లలో ఉర్దూ, పారసీక భాషలలో క్రొత్త నిబంధన పూర్తి చేసెను. అతని పేరున 1930లో లాహోరులో స్థాపింపబడిన సంస్థ 1971లో మన నగరమునకు తరలివచ్చెను. 1990 డిసెంబరులో పాతబస్తీలో జరిగిన మత కలహములలో ఎందరో మరణించిరి. ఆ గాయము తరువాత ఈ సంస్థవారు సుల్తాన్‌షాహీ ప్రాంతమునకు వెళ్లి, హిందువులు ముస్లిములు ఇరువురితో కలిసి అమన్ శాంతి అను పేర సేవ చేసిరి. వారు చేసినది పెద్ద ఉపన్యాసములు కావు. పిల్లలకు చదువు, స్త్రీలకు కుట్టుపని, రోగులకు వైద్యము. ఒకే గదిలో ప్రక్కప్రక్కన కూర్చుండి కుట్టు నేర్చుకొన్న ఇద్దరు స్త్రీలు, మరునాడు వదంతి పుట్టినప్పుడు ఒకరినొకరు అంత త్వరగా అనుమానింపరు. సమాధానము కూడ దినదిన కృషివల్ల పండు పంటయే.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. శ్రమను పొగడుట సులభము. శ్రమ చేయించుకొనువారు దానిని మరింత సులభముగా పొగడుదురు. నిర్గమకాండము 5వ అధ్యాయములో ఫరో కూడ ఇశ్రాయేలీయులను సోమరులనెను. గడ్డి ఇయ్యక ఇటుకల లెక్క తగ్గనీయలేదు. నేడు మన యువకులు కొందరు దినమునకు పండ్రెండు గంటలు కాపలా కాయుచున్నారు, వీధివీధికి భోజనము పొట్లములు చేరవేయుచున్నారు. వారిని మరింత కష్టపడుడని బోధించుట మా ఉద్దేశము కాదు. శ్రమను ఆజ్ఞాపించిన దేవుడే విశ్రాంతి దినమును కూడ ఆజ్ఞాపించెను. మన దుకాణములలోను, ఇండ్లలోను పనిచేయువారికి తగిన కూలియు, తగిన విశ్రాంతియు ఇచ్చుచున్నామా అని మొదట మనలను మనము పరీక్షించుకొందము.

చివరగా నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయమును చదువుడని మిమ్మును వేడుకొనుచున్నాము. సాధారణముగా మనము దానిని దాటిపోవుదుము, ఎందుకనగా అందంతయు పేర్ల పట్టికయే. అందు యాజకులతో పాటు బంగారుపని వారు, సుగంధద్రవ్యములు చేయువారు, వర్తకులు, తండ్రితో కూడి గోడ కట్టిన షల్లూము కుమార్తెలు ఉన్నారు. అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా నున్న గోడను బాగుచేసిరి. ప్రతివాడును తన వాకిలి యెదుటి భాగము కట్టగా 52 దినములలో యెరూషలేము ప్రాకారము పూర్తియాయెను. కొల్లూరు గనిలో అరువది వేల మందికి పేరు లేదు. దేవుని గ్రంథములో గోడ కట్టిన వారికి పేరున్నది.

ఇట్టి సంచికలలో మావంటి గురువుల ఫోటోలును, కమిటీ సభ్యుల ఫోటోలును తప్పక అచ్చగును. దేవాలయము ఊడ్చిన వారి పేరు, కోతపండుగకు వంట చేసిన తల్లుల పేరు, ఆసుపత్రిలో రాత్రులు మేల్కొన్న నర్సుల పేరు, సున్నము వేసిన మేస్త్రీల పేరు అరుదుగా కనబడును. కనుక ప్రతి సంఘమునకు మా మనవి యిది. ఈ శతవార్షికోత్సవ సంవత్సరము ముగియకమునుపే ఒక పుస్తకము తెరువుడి. మీ సంఘములోని ప్రతి కుటుంబమువారు తమ తాత, అవ్వ ఏ పని చేసిరో, ఎట్లు చేసిరో అందు వ్రాయవలెను. వృద్ధులు ఇంకను మన మధ్య ఉండగానే అడిగి తెలిసికొనుడి. వచ్చు కోతపండుగ నాడు ధాన్యముతో, కోళ్లతో పాటు మీ పనిముట్లను కూడ బల్ల యొద్దకు తెండు. తాపీ, కత్తెర, కుట్టుమిషను సూది, ఉపాధ్యాయుని సుద్దముక్క, చీపురు, ఏదైనను తెండు. వాటిమీద ప్రార్థన చేసి మరల మీ చేతులకిత్తుము. మరునాడు సోమవారము వాటిని పట్టుకొని ఎవరి వాకిలి యెదుటి గోడను వారు కట్టుదము.