ఆసనం జారడం: సిగ్గు చాటున దాగిన జబ్బు



మదురై, కోయంబత్తూరు సీమల తెలుగువారిలో చాలామంది పూర్వీకులు విజయనగర, నాయక రాజుల కాలంలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మన బతుకు. పెద్దపేగు చివరి భాగం జారి మలద్వారం గుండా బయటికి రావడాన్ని మనం ఆసనం జారడం అంటాం. వీధిలో మాత్రం అక్కడ ఏది కనబడినా 'మూలం' అనేస్తారు. మూలం అంటే మొలలు. ఆ ఒక్క మాట నమ్మి, మొలల మందు రాసుకుంటూ ఏళ్ళు గడిపే అవ్వలు ఎందరో!

ఈ జబ్బు కొత్తది కాదు. సుశ్రుతుడు దీనిని గుదభ్రంశం అన్నాడు. ముక్కడం, విరేచనాలు కారణాలని చెప్పాడు. నూనె రాసి, కాపడం పెట్టి, పేగును లోపలికి నెట్టి, నడుమ రంధ్రమున్న తోలుకట్టు కట్టమన్నాడు.

ఐరోపాలో 1891లో తీర్ష్ మలద్వారం చుట్టూ వెండి తీగ బిగించాడు. 1900లో డెలోర్మ్ జారిన పేగు లోపొరను తీసి, కండరాన్ని మడిచి కుట్టాడు. పేగు తనలోకి తానే ముడుచుకుని దిగుతుందని 1968లో ఎక్స్-రే చలనచిత్రాలు చూపాయి. అప్పటికే పొట్ట తెరిచి పేగును వెన్నెముక అడుగుకు కుట్టే పద్ధతి ఉంది. 1990ల నుంచి అదే పని చిన్న రంధ్రాల ద్వారా కూడా జరుగుతోంది.

మరి డాక్టరు ఏం చూస్తారు? మిమ్మల్ని కూర్చుని ముక్కమంటారు. పడుకుంటే జబ్బు కనబడకపోవచ్చు. బయటికొచ్చిన దానిపై మడతలు గుండ్రటి వలయాల్లా ఉంటే పేగు; చక్రం ఆకుల్లా చీలి ఉంటే మొలలు. లోపల గడ్డ లేదని తెలుసుకోవడానికి గొట్టం పరీక్ష కూడా చేస్తారు. పసిపిల్లలకు చాలావరకు మలబద్ధకం తగ్గిస్తే చాలు. పెద్దలకు పూర్తిగా నయం కావాలంటే శస్త్రచికిత్సే దారి. ఆరోగ్యం బాగుంటే పొట్ట వైపునుంచి, బలహీనులకు కిందినుంచి చేస్తారు.

వైద్యం దూరం కాదు. మదురైలో ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రి ఉంది. కోయంబత్తూరులో తెలుగు నాయుళ్ళ కుటుంబం నెలకొల్పిన పి.ఎస్.జి. ధర్మసంస్థ 1985లో వైద్య కళాశాలే పెట్టింది. దూరమల్లా మన సిగ్గే. బయటికి వచ్చిన పేగు లోపలికి పోకపోయినా, నల్లబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. లేకుంటే కూడా, మీ ఇంటి అవ్వను చాటుగా అడగండి: "ఏమైనా జారుతోందా అవ్వా?" చెప్పుకునే చోటు దొరికితే ఆమె తప్పక చెబుతుంది.