యంత్రానికి వినపడని బొబ్బిలి

బొబ్బిలి అనగానే మనకి ముందు వీణ, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు గుర్తుకొస్తారు. మాది ఆ వైపే. పాతకోట మాటెత్తితే చాలు, "లంకెబిందెలున్నాయిట!" అని గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు మా వైపు ఒకరిద్దరైనా తగులుతారు. ఇదివరకు అంజనం వేసి చూసేవారు. ఇప్పుడు మెటల్ డిటెక్టరు పట్టుకుని బయల్దేరుతున్నారు.

ఈ యంత్రంలో మంత్రమేమీ లేదు. పొడుగాటి కర్ర చివర పళ్ళెమంత తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద మట్టిలో ఇనుమో, సీసమో, బంగారమో ఉంటే ఆ క్షేత్రం చెదురుతుంది, యంత్రం కుయ్యిమంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలు వెతకడానికి ఇలాంటివే వాడారు.

మంచి చేతుల్లో పడితే ఇది చరిత్రకీ పనికొస్తుంది. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ అనేచోట 1876లో యుద్ధం జరిగింది. 1983లో అక్కడి గడ్డి తగలబడి నేల బయటపడితే, మరుసటేడు పురావస్తు పరిశోధకులు ఈ యంత్రాలతో వరసగా వెతికారు. దొరికిన ప్రతి తూటా చోటునీ పటంలో గుర్తు పెట్టుకున్నారు. దాంతో ఎవరు ఎక్కణ్ణించి కాల్చారో, ఎటు కదిలారో చాలావరకు తెలిసింది. తూటా కాణీ చెయ్యదు. విలువంతా అది పడివున్న చోటుదే.

ఇక మన బొబ్బిలి. 1757 జనవరి 24న, విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో కోటమీద పడ్డాడు. ఆ రోజుల్లో మా ప్రాంతపు కోటల చుట్టూ దట్టమైన అడవి ఉంచుకుని, రాకపోకలకి ఇరుకుదారి వదిలేవారని ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాశాడు. ఓటమి ఖాయమయ్యాక, శత్రువుల చేతికి చిక్కకూడదని, లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపి ఇళ్ళకి నిప్పుపెట్టారు. రాజా రంగారావు పసికొడుకుని మాత్రం ఒక ముసలాయన కాపాడి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. ఆ యుద్ధానికి గుర్తుగా 1891లో స్మారక స్తంభం కట్టించారు.

అలాంటి నేలమీద యంత్రం తిప్పితే దానికి ఏం వినపడుతుంది? ఫిరంగి గుండు వినపడుతుంది, బాకు ముక్క వినపడుతుంది. మరి పగిలిన గాజులు? మసిబారిన కుండపెంకు? పొయ్యిలో బూడిద? వీటికి అది నోరు విప్పదు. రాణి మల్లమ్మ పేరు బుర్రకథల్లోనైనా మిగిలింది. ఆమెతోపాటు పోయిన ఆడవాళ్ళ పేర్లు మనదాకా రాలేదు. వాళ్ళ ఆనవాలేదైనా ఉంటే, అది ఆ గాజుముక్కలోనూ కుండపెంకులోనూ ఉండాలి. కూత వినపడ్డచోటల్లా గునపం దించేవాడు ముందు చెరిపేది వాటినే. ఆ గోతిలో బంగారం దొరికినా, దొరక్కపోయినా, మట్టి పొరలు కలిసిపోతే మళ్ళీ విడదీయడం ఎవరితరమూ కాదు.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో పదిరూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. మనింట్లో పునాదులు తవ్వేటప్పుడు పాతదేదైనా బయటపడితే, కడిగి, తోమి, అలమరలో దాచకండి. పని ఆపించి, ఉన్నచోటే ఉంచి కబురు చెయ్యండి. పక్కనున్న పెంకుముక్కని కూడా పారెయ్యనివ్వకండి. ఏ ఇల్లాలు ఆ కుండలో గంజి కాచిందో!