పున్నమి రాత్రి మనిషి మృగమైతే: హాలీవుడ్ తోడేలు నుంచి మన పున్నమి నాగు దాకా

ఈవేళ ఎపిసోడ్ కొంచెం భయంగా ఉంటుంది. చివర్లో కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది. భయం సినిమాలది, సిగ్గు మాత్రం నాది. ఎందుకో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ముందు ఒక ప్రశ్న. వేర్‌వూల్ఫ్ అనగానే మీకేం గుర్తొస్తుంది? నిండు చందమామ, చిన్న ఊరు, ఊరి పక్కన అడవి. మామూలుగా తిరిగే మనిషే పున్నమి రాగానే ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచి తోడేలైపోతాడు. పొద్దున్న లేచేసరికి ఏం చేశాడో వాడికే గుర్తుండదు. హాలీవుడ్‌లో ఈ ఫార్ములాని జనం బుర్రలోకి ఎక్కించింది 1941లో యూనివర్సల్ వాళ్ళు తీసిన ‘ది వూల్ఫ్ మ్యాన్’. లాన్ చానీ జూనియర్ మొహం మీద జాక్ పియర్స్ అనే మేకప్ మాస్టర్ గంటల తరబడి జడలబర్రె వెంట్రుకలు అతికించేవాడు. 1957లో ‘ఐ వజ్ ఎ టీనేజ్ వేర్‌వూల్ఫ్’ వచ్చింది. చిన్న కంపెనీ, చేతిలో చిల్లర డబ్బులు, కథంతా ఒక చిన్న ఊళ్ళోని స్కూలు చుట్టూ తిరుగుతుంది. కుర్రాళ్ళు విరగబడి చూశారు. 1981లో ‘యాన్ అమెరికన్ వేర్‌వూల్ఫ్ ఇన్ లండన్’లో రిక్ బేకర్ చేసిన మేకప్‌కి ఏకంగా ఆస్కార్ వచ్చింది. 2020లో వచ్చిన ‘ది వూల్ఫ్ ఆఫ్ స్నో హాలో’ కూడా మంచు కొండల్లో ఒక చిన్న టౌను కథే.

మరి ఎప్పుడూ చిన్న ఊరే ఎందుకు? మొదటి కారణం డబ్బు. సెట్లు వెయ్యక్కర్లేదు. నాలుగు వీధులు, ఒక పోలీస్ స్టేషన్, ఒక అడవి ఉంటే చాలు. చీకట్లో తీస్తే మేకప్‌లో లోపాలు కనపడవు. మృగాన్ని ఎంత తక్కువ చూపిస్తే అంత ఖర్చు తగ్గుతుంది, అంత భయమూ పెరుగుతుంది. రెండో కారణం అసలైంది. చిన్న ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు. మృగం బయటినుంచి రాలేదు, మనలోనే ఒకడు అంటే, ఆ ఒక్కడు ఎవడు? ఈ అనుమానం సృష్టించడానికి పైసా ఖర్చుండదు.

సరే, మన సంగతికొద్దాం. తెలుగులో తోడేలు మనిషి సినిమా ఏదీ అంటే టక్కున చెప్పలేం. 2022లో ‘తోడేలు’ అని వచ్చింది గానీ అది హిందీ ‘భేడియా’కి డబ్బింగ్, కథ జరిగేది అరుణాచల్ ప్రదేశ్‌లో. హిందీ వాళ్ళు ఈ దారిలో ముందే నడిచారు. 1979లో ‘జానీ దుష్మన్’లో ఎర్రచీర కట్టిన పెళ్ళికూతుళ్ళని చంపే వెంట్రుకల రాక్షసుడున్నాడు. 1992లో మహేష్ భట్ ‘జునూన్’లో రాహుల్ రాయ్ పున్నమికి పులైపోతాడు. గమనించారా? తోడేలు మన దేశంలోకి రాగానే పులిగా మారిపోయింది. ఎందుకంటే ఏ ఊరి మృగం ఆ ఊరి భయంలోంచే పుడుతుంది. తోడేలు మెట్ట ప్రాంతాల జంతువు. గొర్రెల మందలు తిరిగే చోట దాని భయం ఉంటుంది. మా గోదారోళ్ళకి తోడేలంటే ఏం భయమండీ? వరిచేలో కాలు పెడితే పాము, పాపికొండల్లోకి పోతే పులి. మా భయాలు ఈ రెండే.

అందుకే నా ఉద్దేశంలో తెలుగువాళ్ళ అసలైన వేర్‌వూల్ఫ్ సినిమా 1980లో వచ్చిన ‘పున్నమి నాగు’. కన్నడంలో వచ్చిన ‘హుణ్ణిమెయ రాత్రియల్లి’కి ఇది రీమేక్. దర్శకుడు రాజశేఖర్, తీసింది ఏవీఎం. సంస్థ పెద్దదే గానీ సినిమాలో హంగులేం లేవు. పాములు పట్టే నాగులు పాత్రలో చిరంజీవి. ‘ఖైదీ’ రావడానికి ఇంకా మూడేళ్ళుంది, అప్పటికి ఆయన మెగాస్టార్ కాదు. మొగల్తూరు నుంచి వెళ్ళి, వచ్చిన వేషం వేసుకుంటున్న కుర్రాడు. కథేంటంటే, పాము కరిచినా ఏమీ కాకూడదని కన్నతండ్రే చిన్నప్పట్నుంచి నాగులుకి తిండిలో విషం కలిపి పెడతాడు. ఆ విషం పున్నమి వస్తే ఒంట్లో పొంగుతుంది. ఆ రాత్రి అతని దగ్గరకొచ్చిన ఆడపిల్ల చచ్చిపోతుంది. చర్మం పొరలు పొరలుగా ఊడొచ్చే సీను చూసి ఎంతమంది దుప్పటి ముసుగేసుకున్నారో లెక్కలేదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని కాలం. ఒళ్ళు మెలితిప్పడం, కళ్ళు, బుసకొట్టే ఊపిరి, వీటితోనే చిరంజీవి పామైపోయాడు.

చూశారా, చందమామ ఉంది, చిన్న ఊరుంది, తను కోరుకోని శాపం ఉంది. వేర్‌వూల్ఫ్ కథకి కావాల్సిన దినుసులన్నీ ఉన్నాయి. పైగా ఇంకొకటుంది. నాగులు పుట్టుకతో దుర్మార్గుడు కాదు, వాణ్ణి అలా తయారుచేశారు. ఈ మాట పట్టుకోండి, మళ్ళీ వద్దాం.

ఇంత తక్కువ డబ్బుతో మనిషిని జంతువుని చేసే విద్య మనకి ఎవరు నేర్పారంటే, జానపద బ్రహ్మ విఠలాచార్య. ఆయన గురించి ఒక మాట ఇండస్ట్రీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరైనా నటుడు డేట్ల దగ్గరో డబ్బు దగ్గరో పేచీ పెడితే, కథలో మాంత్రికుడి చేత ఆ పాత్రని మేకనో చిలకనో చేయించేసి మిగతా షూటింగ్ ఆ మేకతోనే లాగించేసేవారట! ఎంతవరకు నిజమో గానీ బడ్జెట్ పాఠం మాత్రం అందులో ఉంది. 1978లో ఆయన తీసిన ‘జగన్మోహిని’ బ్రహ్మాండంగా ఆడింది. అందులోని నరసింహరాజు, జయమాలిని ఇద్దరూ రెండేళ్ళకి ‘పున్నమి నాగు’లోనూ కనిపిస్తారు. అంటే అడపాదడపా వచ్చిన సినిమా కాదిది, ఒక దారి అప్పటికే పడి ఉంది.

తర్వాత దారి రెండు పాయలైంది. ఒక పాయ ‘నిజంగా మృగమా, లేక మనిషి పనా?’ అని అడిగేది. 1985లో మా పసలపూడి వంశీ తీసిన ‘అన్వేషణ’లో అడవిలో మనుషులు చస్తుంటే అందరూ పులి మీద పెడతారు. అసలు సంగతేంటో సినిమా చూసి తెలుసుకోండి, నేను చెప్పను. ఇంకో పాయ చేతబడి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చినప్పుడు రాత్రిళ్ళు ఒంటరిగా చదవలేకపోయామని మా పెద్దవాళ్ళు చెబుతారు. ఆ పాయే ఇప్పటిదాకా పారుతోంది. ‘మా ఊరి పొలిమేర’ 2021లో థియేటర్ కూడా లేకుండా నేరుగా ఓటీటీలోకొచ్చింది. చిన్న ఊరు, ఆటో నడుపుకునే మామూలు మనిషి, పెద్ద స్టార్ ఎవరూ లేరు. జనం ఫోన్లలోనే చూసి హిట్ చేశారు, 2023లో రెండో భాగం థియేటర్లలోకొచ్చింది. అదే ఏడాది ‘విరూపాక్ష’ వచ్చింది. అది మొదలయ్యేదే ఊరంతా కలిసి, మంత్రగాళ్ళని ఒక జంటని తగలబెట్టడంతో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఎందుకంటే ఇక్కడితో సినిమా అయిపోయి చరిత్ర మొదలవుతుంది.

1589లో జర్మనీలో బెడ్‌బర్గ్ అనే చిన్న టౌనులో పీటర్ స్టుంప్ అనే రైతుని ‘వీడు తోడేలైపోతున్నాడు’ అని పట్టుకున్నారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారు, ఘోరంగా చంపారు. అతనితోపాటు అతని కూతుర్ని కూడా చంపారు. అంటే వేర్‌వూల్ఫ్ సినిమాకి ముందు వేర్‌వూల్ఫ్ కేసులున్నాయి, కోర్టులో.

మన దగ్గర? మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ వందేళ్ళ కిందటే రాశాడు. ఏజెన్సీ కొండల్లోని ఖోందుల నమ్మకం ప్రకారం మనిషి ఆత్మలో సగం బయటికెళ్ళి పులిగానో పాముగానో మారుతుందట, పగ తీర్చుకోవడానికో, ఆకలి తీర్చుకోవడానికో. వాళ్ళ కథగా వింటే ఎంత అందంగా ఉంది! కానీ అదే నమ్మకం పక్కింటి మనిషి మీద వేలు చూపించినప్పుడు సంగతి మారిపోతుంది. గోదావరి ఏజెన్సీలో దానికొక పేరుంది, చిల్లంగి. జ్వరం తగ్గకపోతే చిల్లంగి. పశువు చస్తే చిల్లంగి. ఎవడు పెట్టాడు? ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలాడు, లేకపోతే మొగుడు పోయిన ముసల్ది. ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు పేపర్లో మనం చదివినవే. దేశంలో హత్యల లెక్కలు వేసే జాతీయ నేర గణాంకాల సంస్థ పట్టికలో, కారణాల కింద మంత్రవిద్య అని ప్రత్యేకంగా ఒక వరుసే ఉంది. పక్కనున్న ఒడిశా 2013లో ఇలాంటి దాడుల మీద చట్టం చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు నా సిగ్గు సంగతి.

మా అమ్మమ్మగారిది పోలవరం. వేసవి సెలవులకి అక్కడికే వెళ్ళేవాళ్ళం. అప్పట్లో టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేసేవారు. వీధిలో పిల్లలందరం ఒకే అరుగు మీద. అలా చూశాం ‘పున్నమి నాగు’. ఆ మర్నాడు సంత. కొండమీదనుంచి ఒక ముసలాయన అడ్డాకులు, చింతపండు పట్టుకొచ్చి మా వీధిలోనే అమ్మేవాడు. పెద్దగా మాట్లాడడు, ఒక కన్ను తెల్లగా ఉండేది. మాలో ఎవరో అన్నారు, ‘ఒరేయ్, ఈ తాత పున్నమికి పులైపోతాడంట్రా’ అని. ఎవరో ఏంటండీ, నేనే అన్నాను. సాయంత్రానికి వీధంతా అదే మాట. మళ్ళీ సంతకి ఆయనొచ్చినప్పుడు పిల్లలం వెనకాల పడ్డాం. ఒక రాయి వెళ్ళి ఆయన చెవి దగ్గర తగిలింది. ఆ రాయి ఎవరు విసిరారో నాకు ఇప్పటికీ తెలీదు, కానీ నా చేతిలో కూడా రాయుంది.

అమ్మమ్మ పరిగెత్తుకొచ్చి ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి పసుపు పెట్టింది. నన్ను కొట్టలేదు. ‘పులెవడ్రా ఇప్పుడు?’ అని మాత్రం అడిగింది. తర్వాత ఆయన మా వీధికి రాలేదు.

పెద్దయ్యాక ఆ వైపు ఎన్నిసార్లు వెళ్ళానో. ప్రాజెక్టు పనులు మొదలయ్యాక పైన కొండరెడ్ల, కోయల ఊళ్ళు ఎన్నో ముంపులో ఖాళీ అయ్యాయి. ఆయనది ఏ ఊరో నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఎక్కడని అడగను?

2024 సెప్టెంబర్‌లో రాజమండ్రి దివాన్‌చెరువు దగ్గర చిరుత తిరిగింది గుర్తుందా? కడియం నర్సరీల దాకా వెళ్ళింది. ఆ రోజుల్లో నా ఫోన్‌కి ఎన్ని ఫొటోలొచ్చాయో! ఒక్కో ఫొటోలో ఒక్కో చిరుత. ఒక పుకారు అప్పట్లో వీధి దాటడానికి సాయంత్రం పట్టింది, ఇప్పుడు జిల్లా దాటడానికి నిమిషం చాలు. ఈసారి అది చిరుత కాబట్టి సరిపోయింది. రేపు ఎవడో మనిషి ఫొటో పెట్టి ‘పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడు’ అని వస్తే?

నేను హారర్ సినిమాలు చూడొద్దని చెప్పట్లేదండీ. నాకూ ఇష్టమే, ‘పొలిమేర’ రెండు భాగాలూ రెండేసిసార్లు చూశాను. కానీ చూసేటప్పుడు ఒక లెక్క వేసుకోండి. సినిమా మనల్ని ఎవరి పక్కన నిలబెడుతోంది? కాగడాలు పట్టుకున్న ఊరి పక్కనా, మధ్యలో నిలబడ్డ ఆ ఒక్కడి పక్కనా? ‘పున్నమి నాగు’ గొప్పతనం నాకు ఇన్నేళ్ళకి అర్థమైంది. నాగులుని చూసి భయపడ్డాం, వాడికోసం ఏడ్చాం కూడా. విషం వాడిది కాదు, పెట్టిన చేతిది. ఆ మాట ఆ రాత్రి అరుగు మీద కూర్చున్న నాకు ఎక్కలేదు.

ఈ పున్నమికి వీలుంటే ఆ సినిమా ఒకసారి చూడండి, పక్కన చిన్నపిల్లలుంటే వాళ్ళతో కాసేపు మాట్లాడండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.