ఏలికపాము చెప్పిన సాక్ష్యము

ప్రతి ప్రాణియు తొలుత ఒకే ఒక కణము. అది రెండై, నాలుగై, ఎనిమిదై విస్తరించును. ఆ కణములలో అధికభాగము చర్మముగను, ఎముకగను, నెత్తురుగను మారి ప్రాణితోపాటే నశించును. కొన్ని మాత్రము బీజకణములై రాబోవు తరమునకు దారితీయును. ఏ కణము దేహముతో రాలిపోవలెనో, ఏది తరము దాటవలెనో నిర్ణయించునది ఏది? సమాధానము కొరకు శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించిరి.

జర్మనీలో ఫ్రైబర్గు విశ్వవిద్యాలయాచార్యుడైన ఆగస్ట్ వైస్‌మన్ 1892లో తన సిద్ధాంతమును గ్రంథరూపమున వెలువరించెను. బీజధాతువు తరతరములుగా తెగని యేరు. దేహము దాని ఒడ్డున మొలచి వాడిపోవు మొక్క. దేహమునకు తగిలిన గాయము బీజమునకు సోకదు. ఇది నిరూపించుటకై ఆయన అంతకుముందే చిట్టెలుకల తోకలు కత్తిరించుచు ఐదు తరములు పెంచియుండెను. పుట్టిన 901 పిల్లలలో ఒక్కదాని తోకయు కురుచ కాలేదు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని దేహకణములు విభజన పొందినకొలది తమ వారసత్వములో కొంత కోల్పోవుననియు, బీజకణములే పూర్తి ఆస్తిని నిలుపుకొనుననియు కూడ ఆయన తలచెను.

ఆ తలంపునకు సాక్ష్యమా అన్నట్లు ఒక వింత కనబడినది. 1887లో థియోడర్ బొవేరి గుర్రపు ప్రేవులలో నుండు ఏలికపాము అండములను పరిశీలించెను. వారసత్వ లక్షణములను మోయునవి క్రోమోసోములు. అండము రెండు కణములైన పిమ్మట, తరువాతి విభజనలో ఒక కణము తన క్రోమోసోముల కొసలను పారవైచును. రెండవది వానిని చెక్కుచెదరకుండ కాపాడుకొనును. బీజకణములు పుట్టునది ఈ రెండవదాని సంతతి నుండియే.

అయినను బొవేరి అక్కడ ఆగలేదు. అండములను యంత్రముపై అతివేగముగా త్రిప్పి, కేంద్రకము చుట్టునున్న కణద్రవ్యమును స్థానభ్రంశము కావించెను. అట్టి కొన్నింటిలో రెండు కణములును క్రోమోసోములను పూర్తిగా నిలుపుకొనెను! 1910లో ప్రకటితమైన ఈ ఫలితముతో, తీర్పు క్రోమోసోములది కాదనియు, వానిని చుట్టియున్న ద్రవ్యముదనియు తేలినది.

కొసలు పారవైచుటయు ఏలికపాము వంటి కొలది జీవులకే పరిమితము. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప ప్రేవు కణములోని కేంద్రకమును, స్వంత కేంద్రకము నశించిన కప్ప అండములో నాటగా, ఈదులాడు తోకకప్పలు పుట్టినవి. 1996లో గొర్రె పొదుగు కణము నుండి డాలీ జన్మించినది. దేహకణము ఆస్తిని పోగొట్టుకొనలేదు. పెట్టెకు తాళము వేసినది, అంతే.

మరి తాళము ఎవరిది? పండ్ల ఈగలో, బీజకణములను రూపొందించు ద్రవ్యమును తల్లి అండపు కొనయందే అమర్చి యుంచును. చిట్టెలుకలో అట్టి ముందేర్పాటు లేదు. పొరుగు కణములు వెలువరించు ఒక ప్రోటీను సంకేతము అందినవే బీజకణములగునని 1999లో వెల్లడియైనది. ఆ సంకేతము లేని పిండములో బీజకణములే పుట్టవు. చిట్టెలుక పిండములో దేహమై రాలిపోవు కణమును, తరము దాటు కణమును తొలుత ఒకే తీరువి. వానిని వేరుచేసినది అవి నిలిచిన చోటు, వాని ఇరుగుపొరుగు.