ఒక్క కాలికే తెలిసిన మంట

కారంపూడి, గురజాల పొలాల్లో మిరప కోసిన ఆడవాళ్లకు రాత్రి పడుకున్నా చేతుల మంట ఆరదు. మంట పుట్టించేది కాయలోని కాప్సైసిన్. అదే కాప్సైసిన్‌ను పాదంలోకి సూదితో ఎక్కించినా చలించని జంతువు తూర్పు ఆఫ్రికా నేల కింద ఉంది: నేకెడ్ మోల్ ర్యాట్. వేలెడంత ఒళ్లు, వెంట్రుకలు లేని ముడతల చర్మం, పెదవులు దాటి బయటికొచ్చిన పళ్లు.

1842లో రుప్పెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత శతాబ్దానికి పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970లలో అమెరికన్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ అలెగ్జాండర్, చెదపురుగుల్లా ఒకే రాణి కింద బతికే క్షీరదం ఉంటే ఎలా ఉండాలో ఉపన్యాసాల్లో ఊహించి చెప్పేవాడు: గట్టి నేలలో బొరియ, తిండికి పెద్ద దుంపలు. ఒక సభలో శ్రోత ఒకరు లేచి, అలాంటిది ఉందన్నారు. 1967 నుంచి దాన్నే చదువుతున్న జెన్నిఫర్ జార్విస్, ఆ ఊహ నిజమేనని 1981లో నిరూపించింది.

నొప్పి సంగతి తేల్చింది షికాగోలో థామస్ పార్క్, బెర్లిన్‌లో గ్యారీ లెవిన్ బృందాలు. నొప్పి కబురును వెన్నుపాములో అందించే ‘సబ్‌స్టెన్స్ పి’ దీని చర్మపు నరాల్లో లేదు. లేకపోవడమే కారణమా? 2008లో వెలువడిన ప్రయోగం నాకెంతో ఇష్టం. పెదవి పుండ్లు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను నిరపాయంగా మార్చి, దాని ద్వారా సబ్‌స్టెన్స్ పి తయారుచేసే జన్యువును ఒక్క పాదానికే చేర్చారు. కాప్సైసిన్ పడగానే జంతువు ఆ పాదాన్ని లాక్కుని నాకింది. రెండో పాదానికి ఏమీ తెలియలేదు.

అయితే ఆమ్లం ఎక్కించినా ఆ పాదం కదల్లేదు. 2011లో దాని గుట్టు బయటపడింది. నరంలో నావ్ 1.7 అనే సోడియం ద్వారం ఉంటుంది. ఈ జీవిలో ఆమ్లం ఆ ద్వారాన్నే మూసేస్తుంది, కబురు బయలుదేరదు. గాలాడని బొరియలో వందల ప్రాణులు ఊపిరి వదిలితే బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది. అందుకే ఈ ఏర్పాటు వచ్చిందని పరిశోధకుల ఆలోచన.

ముప్పై ఏళ్లు దాటే ఆయుష్షు, క్యాన్సర్ బహు అరుదు కావడం కూడా వైద్యులను ఆకర్షించాయి. నాకు మాత్రం కీళ్లవాపుతో రాత్రంతా మూలిగే ముసలివాళ్లే గుర్తొస్తారు. నావ్ 1.7 పుట్టుకతోనే పనిచేయని మనుషులకు నొప్పే తెలియదని 2006లో తేలింది. అప్పటి నుంచి ఆ ద్వారాన్ని మూసే మందు వెతుకుతున్నారు. గుండెలో, కండరాల్లో దాని జాతి ద్వారాలే ఉన్నాయి. వాటిని తాకకుండా దీన్నొక్కదాన్నే మూయడం ఇంకా కష్టంగానే ఉంది.