గండికోట వైభవము

రాయపురము చుట్టును సున్నపురాతి నేల విస్తరించి యున్నది. దానికి చాల దూరమున, కడప మండలములో, పెన్నానది ఎఱ్ఱని కొండను చీల్చుకొని ప్రవహించుచున్నది. ఈ రెండు శిలలకును పూర్వ బంధుత్వము కలదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఛత్తీస్‌గఢ్, కడప ప్రాంతముల శిలాశ్రేణులను 'పురాణ' వర్గమున చేర్చినారు. నేలపై వృక్షములును, నీట చేపలును పుట్టకపూర్వమే పేరుకొనిన యిసుక గట్టిపడి గండికోట శిల యైనది.

ఎఱ్ఱమల కొండల నడుమ నది త్రోవ చేసికొనిన యిరుకే గండి. దాని యంచున వెలసినది గండికోట. లోయ లోతు సుమారు 300 అడుగులు. పలకలుగా పేర్చినట్లున్న రాతిబండలకు ఇనుపధాతువు ఎఱుపునిచ్చినది. ఉదయమున అవి పసిమిగను, సాయంకాలమున కెంపుగను తోచును. అడుగున పచ్చని నీరు.

ప్రకృతి యొక వైపు కందకమును త్రవ్వి పెట్టగా, మనుష్యుడు మిగిలిన వైపుల ప్రాకారము కట్టినాడు. 1123లో కాకరాజు తొలికోటను నిర్మించెనని స్థానిక చరిత్ర చెప్పును. విజయనగర కాలమున పెమ్మసాని నాయకులు దీనిని ప్రబల దుర్గముగా నొనర్చిరి. మాధవరాయ, రంగనాథ ఆలయములు నాటి వైభవమునకు సాక్షులు.

పదునేడవ శతాబ్ది మధ్యమున గోలకొండ మంత్రి మీర్ జుమ్లా కోటను వశపఱచుకొనెను. 1652లో ఇచటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, శిఖరముపై వరి, జొన్న పండు మైదానమును, ఊటలను వర్ణించినాడు. దేవతా విగ్రహములను కరిగించి ఫిరంగులు పోయింప యత్నము జరిగినదనియు వ్రాసినాడు. నేడు ఆలయముల గర్భగుడులు శూన్యములు. వాని సమీపముననే జామియా మసీదు, విశాలమైన ధాన్యాగారము నిలిచి యున్నవి. 1791లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున కోట ఆంగ్లేయుల చేజిక్కినది. 1800లో ఈ సీమ దత్తమండలములలో చేరి కంపెనీ పాలనలోనికి వచ్చినది.

రాజులు పోయిరి, నది నిలిచినది. అయితే నది చరిత్ర ముగియలేదు. గండికోట జలాశయమును నింపుటకై 2020లో తాళ్ళప్రొద్దుటూరు నీట మునిగినది. కరవుసీమకు నీరు ప్రాణము. ఆ నీటికై ఇల్లును, దేవళమును, పెద్దల సమాధులను విడిచిన వారి త్యాగమును ప్రాణతుల్యమే. కోటగోడలను చూచి మెచ్చువారు ఆ మునిగిన ముంగిళ్ళను గూడ స్మరింపవలెను. అపుడే గండికోట చరిత్ర సంపూర్ణమగును.